భావము (తర్కశాస్త్రము)

తర్కశాస్త్రమున భావము అనగా ఒక వస్తువును గురించి ఔనని గాని కాదని గాని ఇంకను నిశ్చయింపక, దానిని కేవలము తలపులో పట్టుకొనుట వలన మనస్సునకు కలుగు గ్రహణము. "గుఱ్ఱము" అన్నపుడు విన్నవారికి ఏదియో ఒకటి తెలియును. "గుఱ్ఱము పరుగెత్తుచున్నది" అన్నపుడు మాత్రమే ఔను, కాదు అను ప్రశ్న పుట్టును. మొదటిది భావము, రెండవది నిర్ణయము.

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) మొదలుకొని 19వ శతాబ్దపు మధ్యభాగము వరకు ఐరోపాలో ప్రధానముగా బోధింపబడిన తర్కమును సంప్రదాయ తర్కమందురు. ఇది మనస్సు చేయు పనులను మూడుగా చెప్పును: భావగ్రహణము, నిర్ణయము, అనుమానము. భావములు కలిసి నిర్ణయమగును. నిర్ణయములు కలిసి అనుమానమగును. అందువలన భావముల పాఠము అన్నిటికంటె ముందు వచ్చును. ఆంటొయిన్ ఆర్నో, పియేర్ నికోల్ అను ఇరువురు వ్రాయగా 1662లో పారిస్‌లో వెలువడిన "పోర్ట్ రాయల్ తర్కము"లోని నాలుగు భాగములలో మొదటిది భావములను గురించినదే.

పేరును గురించి

గ్రీకు భాషలో "ఐడియా" అను మాట చూచుట అను అర్థముగల ధాతువు నుండి వచ్చినది. రూపము, ఆకృతి దాని తొలి అర్థములు. ప్లేటో ఈ మాటను మనస్సులోని తలపునకు గాక, వస్తువులకు మూలమై వాటికి వెలుపల నిత్యముగా ఉండు స్వరూపములకు వాడెను. తరువాతి తర్కగ్రంథములలో అది మనస్సు లోపలికి వచ్చి చేరినది.

తెలుగులో "భావము" అను మాటతో ఒక చిక్కు ఉన్నది. పద్యమునకు భావము వ్రాయుమన్నపుడు అది తాత్పర్యము. భావకవిత్వము అన్నపుడు అది హృదయానుభూతి. వైశేషికమున భావమనగా ఉండుట. దానికి వ్యతిరేకము అభావము. కొందరు పండితులు ఈ చిక్కు తప్పించుటకు "ప్రత్యయము" అను మాట వాడిరి. కాని ప్రత్యయమనగానే విద్యార్థికి డు, ము, వు, లు గుర్తుకు వచ్చును. ఏ మాటకును కొంత బరువు తప్పదు కనుక ఈ వ్యాసమున భావము అను మాటనే ఉంచి, అవసరమైనచోట దాని అర్థము వివరింపబడినది.

భావము, ఊహాచిత్రము

భావమనగా మనస్సులో కనబడు బొమ్మ అని చాలమంది అనుకొందురు. ఇది మొదటనే వదలుకొనవలసిన పొరపాటు. "చెట్టు" అనగానే ఒకరికి వేపచెట్టు, మరొకరికి పెరటి మామిడి కనబడవచ్చును. ఆ బొమ్మకు ఒక ఎత్తు, ఒక రంగు, ఇన్ని కొమ్మలు అని ఉండును. చెట్టు అను భావమునకు ఎత్తు లేదు, రంగు లేదు. ఉన్నచో అది వేపకు తగినది మామిడికి తగదు. మఱ్ఱిచెట్టునకు తగినది తాటిచెట్టునకు అసలే తగదు. బొమ్మ ఎల్లప్పుడును ఒకదానిది, భావము అనేకములది.

డెకార్ట్ 1641లో దీనికొక మంచి దృష్టాంతమిచ్చెను. మూడు భుజముల ఆకృతిని మనము ఊహించగలము, అర్థము కూడ చేసికొనగలము. వెయ్యి భుజముల ఆకృతి మాటయేమి? దానిని గురించి ఆలోచించునపుడు మనస్సులో మెదలు బొమ్మకును పదివేల భుజముల ఆకృతి బొమ్మకును భేదము కనబడదు. రెండును ఇంచుమించు గుండ్రముగనే తోచును. అయినను వెయ్యి భుజములనగా ఏమిటో మనకు స్పష్టముగా తెలియును. దాని లోపలి కోణముల మొత్తమును గుణించి చెప్పగలము. అప్పు, న్యాయము, వారసత్వము, నిరుడు మొదలగువాటికి బొమ్మయే లేదు. భావము మాత్రము నిక్షేపముగా ఉన్నది.

దీనికి ఆక్షేపణ చెప్పినవాడు బర్క్లీ. 1690 నాటి తన గ్రంథమున జాన్ లాక్, త్రిభుజమను సామాన్య భావము సమబాహువు గాని, సమద్విబాహువు గాని, విషమబాహువు గాని కాక, అన్నియు తానై, ఏదియు తాను కాక ఉండవలెనని చెప్పెను. అట్టిది ఎవరి మనస్సులోనైన ఉన్నదా, చూచుకొని చెప్పుడని 1710లో బర్క్లీ అడిగెను. బొమ్మను గురించిన ప్రశ్నగా ఇది తిరుగులేనిది. అయితే సంప్రదాయ తార్కికుని జవాబు ఇది: త్రిభుజ భావములో భుజములు సమానమని లేదు, అసమానమని కూడ లేదు, ఆ ప్రశ్నయే అందులో చేరలేదు. ఒక లక్షణమును విడిచిపెట్టుట వేరు, దానిని కాదనుట వేరు. ఈ విడిచిపెట్టుటకే అపకర్షణము అని పేరు.

కుందేటికొమ్ము

భావము సత్యము కాదు, అసత్యము కాదు. అరిస్టాటిల్ దీనికి "మేకలేడి" అను కల్పిత జంతువును ఉదాహరణగా చెప్పెను. ఆ మాటకు అర్థమున్నది. అది ఉన్నదనియో లేదనియో చెప్పువరకు నిజము గాని అబద్ధము గాని లేదు. మన దేశపు తార్కికులు ఇట్టి చర్చలలో కుందేటికొమ్ము, గగనకుసుమము, గొడ్రాలిబిడ్డ అను మాటలను వాడుదురు. ఈ మూడింటిని ఒకే గాట కట్టరాదు. కుందేటికి కొమ్ము లేదన్నది చూచి తెలిసికొన్న విషయము. ఉన్నట్లు తలచుటలో విరోధమేమియు లేదు. గొడ్రాలిబిడ్డలో ఒక లక్షణము రెండవదానిని చంపివేయును. అట్టి మాటల వెనుక నిజమునకు భావము ఏర్పడదని, పదములు రెండు పక్కపక్కన నిలిచినవని మాత్రమే సంప్రదాయ తర్కము చెప్పును.

గుణార్థము, పరిధి

భావమునకు రెండు కొలతలు కలవు. దానిలో ఇమిడియున్న లక్షణముల మొత్తము ఒకటి. అది వర్తించు వస్తువుల మొత్తము రెండవది. మొదటిదానిని గుణార్థము అనియు, రెండవదానిని పరిధి అనియు ఇక్కడ వ్యవహరించుచున్నాము. (పరిధికి "వ్యాప్తి" అను మాట బాగుండును గాని న్యాయశాస్త్రమున వ్యాప్తి అనగా పొగ, నిప్పుల వంటి నియత సాహచర్యము, ఆ మాటను కదిలింపకుండుటయే మేలు.) ఈ భేదమును స్పష్టముగా నిరూపించినది పోర్ట్ రాయల్ తర్కమే. 1843లో జాన్ స్టూవర్ట్ మిల్ దీనినే పదముల విషయమున వేరు పేర్లతో విస్తరించెను.

లక్షణములు పెరిగినకొలది పరిధి తరుగునన్నది ప్రసిద్ధమైన సూత్రము. జంతువు, వెన్నెముకగల జంతువు, పాలిచ్చి పెంచు వెన్నెముకగల జంతువు: ఒక్కొక్క మెట్టునకు ఒక లక్షణము చేరుచున్నది, కొన్ని ప్రాణులు జారిపోవుచున్నవి. 3వ శతాబ్దమునకు చెందిన పోర్ఫిరీ పేరిట ప్రసిద్ధమైన వృక్షము ఇట్టి మెట్ల వరుసయే: ద్రవ్యము, శరీరము గలది, జీవి, జంతువు, మనుష్యుడు.

ఈ సూత్రము పని చేయుట లోకమంతయు 2006లో చూచినది. 1930లో కనుగొన్న ప్లూటోను అంతవరకు 9వ గ్రహముగా లెక్కించుచుండిరి. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరమున అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్య సౌరకుటుంబములోని గ్రహమునకు మూడు లక్షణములు నిర్ణయించెను: సూర్యుని చుట్టు తిరుగవలెను, తన గురుత్వము చేత ఇంచుమించు గుండ్రముగా నుండవలెను, తన కక్ష్య పరిసరములను ఇతర వస్తువులు లేకుండ చేసికొని యుండవలెను. ప్లూటోకు మూడవది లేదు. గ్రహముల సంఖ్య 9 నుండి 8కి తగ్గినది. ఆకాశమున ఏదియు మారలేదు, ప్లూటో ఒక్క రేణువును కోల్పోలేదు. మారినది భావము యొక్క గుణార్థము, దానితోపాటు పరిధి. ప్లూటో గ్రహమా కాదా అని నేటికిని వాదులాడుకొనువారిలో సగము మంది వస్తువును గురించి వాదించుచున్నామనుకొని భావమును గురించి వాదించుచున్నారు.

అయితే ఈ సూత్రమును గణితసూత్రమువలె పట్టుకొనరాదు. "మనుష్యుడు" అను భావమునకు "మరణించువాడు" అని చేర్చినను ఒక్కరును తగ్గరు. ఇంకను విచిత్రమైన దృష్టాంతమును 1837లో బోల్జానో చూపెను. దానిని మనకు దగ్గరగా మార్చి చెప్పినచో: "దక్షిణభారత భాషలన్నియు తెలిసినవాడు" అను భావమును తీసికొనుడు. దానికి ఒక మాట చేర్చి "సొంత లిపిగల దక్షిణభారత భాషలన్నియు తెలిసినవాడు" అనుడు. లక్షణము పెరిగినది, పరిధి తరుగుటకు బదులు పెరుగుటకే అవకాశమున్నది, ఏలయనగా లిపి లేని భాషలు ఇపుడు అతనికి రానక్కరలేదు. చేర్చిన మాట మనిషికి గాక భాషలకు అంటుకొన్నది. కావున సూత్రము చెల్లునది చేర్చిన లక్షణము నేరుగా ఆ వస్తువునకే చెందినపుడు, అది ముందే అన్నిటియందు లేనపుడు మాత్రమే. పాఠ్యపుస్తకములు ఈ షరతును సాధారణముగా చెప్పవు.

వర్గీకరణ

విద్యార్థులు భావముల వర్గములను ఒక జాబితాగా బట్టీపట్టుదురు. ఈ వర్గములు ఒకే విభజనలోని గదులు కావు. వేరువేరు ప్రశ్నలకు జవాబులు. ఎన్నింటికి వర్తించును అన్నది ఒక ప్రశ్న. గుణమును గుణితో కలిపి చూచుచున్నామా, విడదీసి చూచుచున్నామా అన్నది వేరొక ప్రశ్న. "మనుష్యుడు" అను ఒకే భావము ఒక ప్రశ్నకు సామాన్యము, ఒక ప్రశ్నకు మూర్తము, ఒక ప్రశ్నకు విధిరూపము. రెండవ మాట: పదము యొక్క వ్యాకరణ రూపమును చూచి భావము యొక్క వర్గమును నిర్ణయింపరాదు. ఆంగ్లపుస్తకముల ఉదాహరణలను తెలుగులోనికి దించుకొన్నపుడు తప్పులు ఎక్కువగా జరుగునది ఇక్కడనే.

పరిధిని బట్టి భావము ఏకవ్యక్తి భావము (గోదావరి, ఈ బల్ల), కొన్నిటికి పరిమితమైనది (కొందరు రైతులు), సామాన్యము (నది, రైతు) అని మూడు విధములు. ఆంగ్లమున మాటకు ముందు వచ్చు చిన్న గుర్తులు ఈ భేదమును కొంత తెలుపును. తెలుగులో ఆ గుర్తులు లేవు. "ఆవు సాధుజంతువు" అన్నపుడు ఆవు సామాన్యము; "ఆవు తాడు తెంచుకొన్నది" అన్నపుడు ఏకవ్యక్తి. మాట ఒకటే. సందర్భమును బట్టియే తెలిసికొనవలెను.

సమూహ భావము ఈ వరుసలో నాల్గవది అని కొన్ని పుస్తకములు వ్రాయును. అది సరికాదు. సమూహమును ఒక్కటిగా చూచుచున్నామా అన్నది మరొక ప్రశ్న. "సైన్యము" సమూహ భావమే, సామాన్యము కూడ, ఏలయనగా సైన్యములు అనేకము. "రాముని వానరసేన" సమూహ భావము, ఏకవ్యక్తి భావము. ఇక నీళ్ళు, పాలు, వడ్లు వంటి మాటలు వ్యాకరణమున బహువచనములైనను వాటిని బట్టి సమూహ భావములని చెప్పరాదు.

ఈ భేదమును మరచిన వాదమున దోషము వచ్చును. "త్రిభుజ కోణములన్నియు రెండు లంబకోణములకు సమానము" అనునది కోణములను కలిపి చూచినపుడు నిజము. "త్రిభుజ కోణములన్నియు రెండు లంబకోణములకంటె తక్కువ" అనునది విడివిడిగా చూచినపుడు నిజము. "అన్నియు" అను మాట రెండు పనులు చేయుచున్నది. మేటి ఆటగాళ్ళ జట్టు మేటి జట్టు అగునని నమ్మి నిరాశపడువారు చేయు పొరపాటు ఇదియే.

మూర్తము, అమూర్తము అను భేదము కఠినము, సులభము అను భేదము కాదు. గుణమును గుణితో కలిపి గ్రహించిన మూర్తము (తెల్లనిది, పేదవాడు). గుణమును విడదీసి తానే ఒకటి అన్నట్లు గ్రహించిన అమూర్తము (తెల్లదనము, పేదరికము). తెలుగునకు ఇచట మంచి సంపద కలదు: మంచితనము, పెద్దరికము, కలిమి, లేమి, ఓరిమి, సంస్కృతము నుండి మనుష్యత్వము, సమత. అయినను "తెలుపు" అను మాట రెండు విధములను వాడబడును. "తెలుపు చొక్కా" అన్నపుడు ఒకటి, "తెలుపు కంటికి హాయి" అన్నపుడు మరొకటి.

విధిరూపము, నిషేధరూపము, లోపరూపము అను విభజనలో పదరూపము మోసము చేయుట అధికము. ఒక లక్షణము ఉన్నదని గ్రహించినది విధిరూపము. లేదని గ్రహించినది నిషేధరూపము. ఉండదగినచోట లేదని గ్రహించినది లోపరూపము. రాయి చూడలేదు, కాని రాయిని గుడ్డిది అనరాదు. చూపు దానికి ఉండదగినది కాదు. "గుడ్డి" అను పదములో నిషేధమును తెలుపు అక్షరమే లేదు, భావము మాత్రము లోపరూపము. దీనికి ఎదురుగా "ఆరోగ్యము" అను మాటను చూడుడు. దాని పుట్టుక "అరోగ" అనగా రోగము లేని అను నిషేధ పదము నుండి. అయినను దేహము తన పనులు చక్కగా చేసికొనుటయే ఆరోగ్యమని చెప్పువారికి ఆ భావము విధిరూపము, రోగమే లోపము. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగము కూడ ఆరోగ్యమనగా రోగము లేకపోవుట మాత్రమే కాదనియే చెప్పుచున్నది. ఆస్పత్రి కట్టిన చాలునా, మంచినీరు, తిండి కూడ చూడవలెనా అను ప్రశ్న ఈ భావమును ఏ వర్గమున వేసినాము అనుదానిపై కొంత ఆధారపడును.

స్పష్టాస్పష్టములు

1684లో లైబ్నిజ్ ఒక చిన్న లాటిన్ వ్యాసమున భావముల నాణ్యతను బట్టి విభజన చేసెను. వస్తువు మరల ఎదురైనపుడు గుర్తుపట్టుటకు చాలిన భావము స్పష్టము, చాలనిది అస్పష్టము. స్పష్టమైనదానిలో, ఏ లక్షణములను బట్టి గుర్తుపట్టుచున్నామో విడదీసి చెప్పగలిగినచో అది వివిక్తము, చెప్పలేకపోయినచో సంకీర్ణము. ఎరుపు రంగు అందరికి స్పష్టము. కాని పుట్టుగుడ్డికి మాటలతో చెప్పుమన్నచో చెప్పలేము, కావున సంకీర్ణము. బంగారమును మనమందరము గుర్తుపట్టుదుము; పరీక్షకుడు మాత్రము బరువు, గీటురాయిపై గీత, ఆమ్లమునకు నిలుచుట అని గుర్తులు లెక్కపెట్టి చెప్పగలడు. అతనిది వివిక్త భావము. మేలైన వంటగత్తెకు ఉప్పు పాళ్ళు స్పష్టముగా తెలియును, "ఎంత" అని అడిగినచో "తగినంత" అనును. సంకీర్ణ భావమును తక్కువ చేయరాదని దీనివలన గ్రహింపవచ్చును.

భావముల పరస్పర సంబంధములు

తెలుపు, నలుపు అనునవి విపరీతములు; తెలుపు, తెలుపు కానిది అనునవి విరుద్ధములు. విపరీతముల నడుమ చోటున్నది, రెండును కానిది ఉండవచ్చును. విరుద్ధముల నడుమ చోటు లేదు. "నీవు మాతో లేవు, కనుక మా శత్రువువు" అనువాడు విపరీతములను విరుద్ధములుగా చూపుచున్నాడు. మిత్రుడు కాని ప్రతివాడు శత్రువు కాడు. లోకములో అధిక సంఖ్యాకులు మనకు రెండును కారు. ఇక తండ్రి–బిడ్డ, గురువు–శిష్యుడు వంటివి ఒకటి లేక రెండవది గ్రహింపరాని సాపేక్ష భావములు.

ఏకార్థము, అనేకార్థము, ఉపమితార్థము అను విభజన నిజమునకు భావములది కాదు, పదములది. "కాలు" అనునది అవయవము, నిప్పు అంటుకొనుట అను రెండు సంబంధము లేని అర్థములను ఇచ్చును. పదమొకటి, భావములు రెండు. మనిషి కాలు, మంచపు కాలు అన్నపుడు పోలిక ఉన్నది. భావము పూర్తిగా ఒకటి కాదు, పూర్తిగా వేరును కాదు.

భారతీయ తర్కమున

పై విభజనలకు న్యాయవైశేషికములలో సరిగా సరిపోలు ప్రకరణము లేదు. 17వ శతాబ్దమున అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము సంస్కృతమున తర్కము నేర్చువారికి నేటికిని తొలి పుస్తకము. ఆయన ఆంధ్రదేశీయుడని పండితుల అభిప్రాయము. అందు పదార్థములు ఏడు: ద్రవ్యము, గుణము, కర్మ, సామాన్యము, విశేషము, సమవాయము, అభావము. జ్ఞానము ఆత్మకు చెందిన ఒక గుణము. అది నేరుగా వస్తువును పట్టుకొనును. మనస్సునకును వస్తువునకును నడుమ భావము అను మూడవ వస్తువును నైయాయికుడు నిలుపడు. నిర్వికల్పక జ్ఞానమును భావగ్రహణముతో పోల్చుట కలదు. కాని నిర్వికల్పకమున విశేషణ విశేష్య సంబంధమే తోచదు. "మనుష్యుడు" అను భావములో లక్షణములు ఇమిడియే యున్నవి. కనుక పోలిక దూరము పోదు.

గుణార్థము, పరిధి అనువాటి చర్చ మాత్రము లక్షణదోషముల రూపమున చక్కగా కనబడును. అన్నంభట్టు తన గ్రంథమునకు తానే వ్రాసిన దీపికలో ఆవును ఉదాహరణగా తీసికొనెను. ఆవు అనగా కపిలవర్ణము గలది అన్నచో తెల్లావు, నల్లావు తప్పిపోవును: అవ్యాప్తి. కొమ్ములు గలది అన్నచో గేదె, మేక చేరును: అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట గలది అన్నచో ఒక్క ఆవునకును వర్తింపదు: అసంభవము. చెప్పిన గుణార్థము ఉద్దేశించిన పరిధికి సరిపోవుటలేదని ఈ మూడింటి తాత్పర్యము.

సామాన్యమునకు బాహ్యమున ఆధారమేమి అను ప్రశ్నపై ఐరోపాలో వలెనే ఇక్కడను గట్టి వాదములు జరిగినవి. నైయాయికులకు గోత్వము ఆవులన్నిటియందు ఉండు నిత్యమైన ఒక పదార్థము. దిఙ్నాగుడు మొదలగు బౌద్ధులకు అట్టిది లేదు. ఆవు అను మాట ఆవు కానివాటిని తొలగించుట మాత్రమే చేయును. దీనికి అపోహవాదమని పేరు. నైయాయికులు కూడ ప్రతి సామాన్య పదమునకు ఒక జాతిని ఒప్పుకొనలేదు. వంటవాళ్ళందరిని "పాచకుడు" అను ఒకే మాటతో పిలుతుము. కాని పాచకత్వము గోత్వమువంటి జాతి కాదు. అది వంట చేయుట అను పనిని బట్టి వచ్చిన ఉపాధి. నేడు వండి రేపు మానినవానికి ఆ పేరు తొలగును, ఆవునకు గోత్వము అట్లు తొలగదు.